గాలెయ్య వేలాడగట్టిన పలక

2015. రాష్ట్రం విడిపోయాక వచ్చిన రెండో అడ్మిషన్ల కాలం. మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీ కింది అంతస్తులో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు హెల్ప్ సెంటర్ పెట్టారు. అందులో నేను అసిస్టెంటును. అది ఒకప్పటి సైన్స్ ల్యాబ్. నీళ్ళు రాని సింకుల మీద అట్టలు పరిచి, వాటి మీద కంప్యూటర్లు పెట్టుకున్నాం. ప్రకాశం జిల్లా పడమటి పల్లెల పిల్లలు ఆ యూనివర్సిటీ దాకా అంత దూరం పోకుండా ఇక్కడే దరఖాస్తు పెట్టుకుని, ఇక్కడే సర్టిఫికెట్లు చూపించుకోవచ్చు. వచ్చిన ప్రతి తండ్రీ ముందు అడిగే మాట ఒకటే: "ఈ యూనివర్సిటీ మన దిక్కు పడిందామ్మా, ఆ దిక్కు పడిందా?" మన దిక్కేనని చెప్పాక గానీ కుర్చీలో కూర్చునేవాళ్ళు కాదు.

నలుగురిలో గొంతు విప్పడం నాకు చేతకాదు. ఇంట్లో డైరీ రాసుకుంటాను, దొరికిన పుస్తకమల్లా చదువుతాను. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఈ ఉద్యోగంలో ఎక్కువ పని వినడం, రాయడం. అందుకే నాకు నచ్చింది.

చదివేవాళ్ళకు ఒక్క పద్ధతి చెప్పాలి. ప్రతి కోర్సుకూ కట్ ఆఫ్ ఉంటుంది, అంటే సీటు రావడానికి ఉండాల్సిన కనీస మార్కులు. జబ్బు వల్లో ఇంటి ఇబ్బంది వల్లో చదువు దెబ్బతిన్న పిల్లలకు, కట్ ఆఫ్ కొంచెం తప్పినా, ఆ విశ్వవిద్యాలయం కొన్ని సీట్లు విడిగా ఉంచింది. దాన్ని స్పెషల్ కన్సిడరేషన్ అనేవాళ్ళం. దానికి డాక్టరు సర్టిఫికెట్ ఒకటి, విద్యార్థి సొంత మాటల్లో రాసిన కాగితం ఒకటి ఉండాలి. రెండూ చూసి మేము ఒక పేజీ కేస్ నోట్ రాయాలి. అంటే, ఈ పిల్లకు ఏమైంది, దానివల్ల చదువు ఎట్లా సాగింది అన్నది. కమిటీ వాళ్ళు వచ్చి ఆ కాగితాలు చూసి, పిల్లలతో మాట్లాడి, చివర్లో మా నోట్ కూడా చదివి నిర్ణయం చేస్తారు.

కమిటీ వచ్చే రోజు పొద్దున, కొనకనమిట్ల మండలంలోని ఒక పల్లె నుంచి తిరుపతమ్మ అనే అమ్మాయి తండ్రితో వచ్చింది. తండ్రి పేరు గాలెయ్య. గొర్రెలు కాస్తాడు, కొంచెం మెట్ట సేద్యం ఉంది. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, కొత్త పంచె. అమ్మాయి మెడలో గొలుసు చూస్తే ఎవరిదో తెచ్చి వేసినట్టు తెలుస్తూనే ఉంది, మాటిమాటికీ తడుముకుంటోంది. నడుము చుట్టూ గట్టి బెల్టు, అందుకని నిటారుగా కూర్చుంది.

మా కోఆర్డినేటర్ గారు మంచివారే, నోరు కాస్త దురుసు. ఇద్దర్నీ ఎగాదిగా చూశారు.

"కష్టాలున్నోళ్ళ సీటుకొచ్చి పెళ్ళికొచ్చినట్టు వచ్చినారేందయ్యా?"

"బిడ్డను చదువుకు పంపేటప్పుడు గోచి పెట్టుకొని రావాల్నా సార్?" అన్నాడు గాలెయ్య.

సార్ నవ్వి కాగితాలు తీసుకున్నారు. డాక్టరు సర్టిఫికెట్ స్పష్టంగానే ఉంది. తొమ్మిదో తరగతి అయిపోయాక అమ్మాయికి వెన్నెముకలో క్షయ వచ్చింది. ఏడాది పైన మంచం మీదే ఉంది, మందులతో తగ్గింది. పది ఒక ఏడాది ఆలస్యంగా రాసింది. ఇంటర్ మొదటి ఏడాది కూర్చోలేక మార్కులు తగ్గాయి, రెండో ఏడాది లెక్కల్లో కాలేజీకే మొదటి మార్కు. అన్నీ కలిపితే కట్ ఆఫ్‌కు కాస్త కింద.

సార్ అడిగారు: "రెండేళ్ళూ కలిపి పర్సంటేజి ఎంతొచ్చిందమ్మా?"

ఆ అమ్మాయి తల పైకెత్తి కప్పు వైపు చూసింది.

"పైకేం చూస్తావు? కప్పు మీద రాసుందా?"

అమ్మాయి సిగ్గుపడి తల దించుకుని, దశాంశంతో సహా చెప్పింది.

చిక్కు ఆమె రాసిన కాగితంతో వచ్చింది. అందులో నాలుగే మాటలు: "నాకు వెన్నులో క్షయ వచ్చింది. తగ్గింది. మాకు ఏ ఇబ్బందీ లేదు. సీటు ఇస్తే చదువుకుంటాను."

"ఇట్ల రాస్తే ఎట్లమ్మా? ఏం కష్టపడినారో రాయాల" అన్నారు సార్.

గాలెయ్య ముందుకు వచ్చాడు. "కష్టమేముంది సార్? మాకేం తక్కువ? మందులు మింగింది, తగ్గింది. మేం అడుక్కోను రాలే."

మా ప్రాంతం వాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఇక్కడ బాగోగులు అడిగితే ఎవరైనా బాగున్నామనే అంటారు. వాన పడకపోయినా బాగున్నామే, మంద సగం చచ్చినా బాగున్నామే. పైగా ఆడపిల్ల, పైగా క్షయ. కష్టం చెప్పుకోవడమంటే బజార్లో పరువు పరుచుకోవడం. ఆ మాట కోసమే సీటు ఉందంటే గాలెయ్య లాంటివాళ్ళకు అర్థం కాదు. అర్థమైనా నోరు రాదు.

వాళ్ళు వరండాలోకి వెళ్ళాక సార్ నాతో అన్నారు: "ఈ కేసులో రాయనీకేముందమ్మా? ఇబ్బంది లేదని వాళ్ళే చెప్పిరి. అదే రాసెయ్."

"కమిటీ ముందుకు వీళ్ళను చివర్లో పిలుద్దాం సార్" అన్నాను. వాళ్ళ కాగితాలు కట్ట అడుక్కి పెట్టాను.

ఈ సీటు రాకపోతే ఇంకో కాలేజీ లేదా అని మీరు అడగవచ్చు. మార్కాపురంలో ఉంది, దర్శిలో ఉంది. కానీ రోజూ గతుకుల రోడ్డు మీద బస్సులో కుదుపులు పడితే వెన్ను ఆగదని డాక్టరు రాసిచ్చాడు. ఆ విశ్వవిద్యాలయంలో హాస్టలు పక్కనే తరగతులు. తిరుపతమ్మ చదువు సాగితే అక్కడ సాగాలి, లేకపోతే ఇంటర్‌తో ఆగాలి.

మధ్యాహ్నం వరండాలో ఆ అమ్మాయి పక్కన నా టిఫిన్ బాక్స్ తెరిచాను. గాలెయ్య టీ తాగడానికి బయటికి వెళ్ళాడు. ఏం అడగాలో తెలియలేదు. కష్టం గురించి అడగడానికి నాకూ మొహమాటమే. అందుకని నాకు నిజంగా తెలుసుకోవాలనిపించిందే అడిగాను.

"పడుకునే ఉన్నావు గదా, మరి లెక్కలు ఎట్ల చేసినావు?"

ఆ అమ్మాయి మొహం ఒక్కసారి వెలిగింది.

"పలక మీద అక్కా. వెల్లకిలా పడుకొని రాస్తే పెన్ను పారదు, రెండు అక్షరాలకే నిలిచిపోతుంది. బలపం అయితే ఎటు పట్టుకున్నా రాస్తుంది."

"చేతులు నొప్పి పుట్టవా?"

"చేతుల్తో పట్టుకుంటే గదా! మా నాయన పైన కట్టినాడు." అని ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "మా నాయన్ను అడగండక్కా, బాగా చెప్తాడు."

అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

కమిటీలో ముగ్గురు. వాళ్ళలో పెద్దావిడ లెక్కల ప్రొఫెసర్. కాగితం చదివి, కళ్ళద్దాలు తీసి, మెత్తగానే అడిగారు: "చెప్పండి, ఏం ఇబ్బందులు పడ్డారు?"

"ఏం లేదు మేడం. దేవుడి దయ. బాగున్నాం" అన్నాడు గాలెయ్య.

ఆవిడ కాగితం పక్కన పెట్టబోయారు. నేను గోడ పక్కన నోట్స్ రాసుకుంటున్నాను. ఆ గదిలో నేను మాట్లాడకూడదన్న నియమం ఏమీ లేదు, ఎప్పుడూ మాట్లాడలేదు, అంతే. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"చిన్నాయనా, పలక ఎట్ల కట్టినావు?"

సార్ నా వైపు తిరిగి చూశారు. గాలెయ్య కూడా చూశాడు. కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"అదా! చిన్న పలక పనికిరాలేదు పాపా, లెక్క పట్టదు. ఈడ మార్కాపురంలో పలకలు చేసే పనిలో మావాళ్ళు ఉండారు. మూల విరిగిందని చట్రం కట్టకుండా పక్కన పడేసిన పెద్ద రాయి ఒకటి ఇచ్చినారు. రెండు కొసలా బెజ్జాలు కొట్టిచ్చి, వాసానికి తాళ్ళు ఏసి కట్టినా." భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులతో తలపైన చాచి పట్టుకుని చూపించాడు. "నేరుగా కడితే పొడి కండ్లలో పడుతుంది. అందుకని కాళ్ళ దిక్కు కిందికి వాల్చినా. పొడంతా దుప్పటి మీద పడాల."

"అంత రాయి అమ్మాయి మొహం మీద వేలాడదీశారా? తెగితే?" అన్నారు ప్రొఫెసర్.

గాలెయ్యకు ఆ మాట నచ్చలేదు. "ఊరికే కడతానా మేడం? ముందు ఆ మంచంలో నేను పడుకున్నా, ఒక పగలంతా. తెగితే నా మొహాన పడాల అని. నా పెండ్లాం ఒకటే తిట్లు, పనీపాటా లేదా, పగలు పండుకున్నావని. తాడు సాగలే, ముడి జారలే. అప్పుడు గదా బిడ్డను పండబెట్టింది!"

ప్రొఫెసర్ కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగారు:

"మరి లెక్కలు తప్పో ఒప్పో ఎవరు చూసేది?"

"అయివారు చూసేది. అప్పుడప్పుడు రాయి దింపి, నెత్తిన చుట్టకుదురు పెట్టుకొని, రాసిన దిక్కు పైకి పెట్టి బడికి మోసుకుపోతి. దోవలో అందరికీ ఎగతాళే. ఏం గాలెయ్యా, రాళ్ళు మోస్తాండావు, మేడ కడతాండావా అని. లెక్కలు మోస్తాండా, తగలమాకండి చెరిగిపోతాయ్ అంటి." ఆయనే నవ్వాడు. "ఒకసారి సగం దోవలో వాన. చూస్తే రాయి కడిగినట్టుంది. ఎప్పుడూ వాన కోసం మొక్కేవాణ్ణి, ఆ పొద్దు మాత్రం వానను తిట్టినా. ఇంటికొచ్చి చెప్తే ఈ పిల్ల ఏమనిందో తెల్సా మేడం? పోనీలే నాయనా, నాకు గుర్తుండాయి అని, కట్టినాక మళ్ళా అన్నీ రాసింది."

ప్రొఫెసర్ తిరుపతమ్మ వైపు తిరిగారు. "పలక నిండిపోతే ఏం చేసేదానివి?"

"సగం మనసులో చేసి, మిగతాదే రాసేదాన్ని మేడం."

ఆవిడ ఒక లెక్క నోటితో చెప్పారు. ఇద్దరు ఒక పని ఇన్ని రోజుల్లో చేస్తే అన్న రకం కాదు, నాకు అర్థం కాని సమీకరణం. రాసుకోమని కాగితం జరిపారు. తిరుపతమ్మ కాగితం తీసుకోలేదు. తల ఎత్తి కప్పు వైపు చూసింది. పెదాలు కదులుతున్నాయి, కుడి చెయ్యి ఒళ్ళోనే కొంచెం కొంచెం కదులుతోంది.

కమిటీలో ముగ్గురూ పైకి చూశారు. సార్ కూడా చూశారు. కప్పు మీద రాసుందా అని పొద్దున అన్నది ఆయనే. పెచ్చులూడిన ల్యాబు కప్పు తప్ప మాకు ఏమీ కనిపించలేదు. ఆ అమ్మాయికి మాత్రం అక్కడ పలక ఉంది.

జవాబు చెప్పింది. ప్రొఫెసర్ ఆ జవాబును నోట్ చేసుకుని, "ఒప్పు" అన్నారు.

ఆ సాయంత్రం కేస్ నోట్ నేనే రాశాను. అందులో కష్టం అన్న మాట ఎక్కడా వాడలేదు. రాయి సంగతి, వాసం సంగతి, వాన సంగతి, ఆయన చెప్పిన వరసలోనే రాశాను. సార్ చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు. "రాత బాగుందమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నారు. నేను నవ్వి, నోట్ తీసి ఫైల్లో పెట్టాను.

తర్వాత నేను పని చేసిన ఏళ్ళలో ఇట్లాంటి పిల్లలు ఎందరో వచ్చారు. ఎవరినీ మీ కష్టమేమిటని అడగలేదు. ఎట్ల చదివినావు అని అడిగేదాన్ని. ఆ ప్రశ్నకు తల దించుకున్నవాళ్ళు లేరు. ఒకడు చెవుడు ఉండి పాఠం ఎట్లా పట్టుకున్నాడో చెప్పాడు, ఒక పిల్ల తల్లికి సేవ చేస్తూ ఎక్కడ కూర్చుని చదివిందో చెప్పింది. కమిటీకి కావలసిందంతా వాళ్ళ జవాబుల్లోనే ఉండేది. తప్పు మేము అడిగే తీరుది, వాళ్ళ మౌనానిది కాదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే అయినా నాకు చాలు.

తిరుపతమ్మకు సీటు వచ్చిందని ఫోన్ చేసి చెప్పింది నేనే. గాలెయ్య ఎత్తాడు. వెనక గొర్రెల అరుపులు. సంగతి చెప్పాక మందకు దూరంగా నడిచినట్టున్నాడు, అరుపులు తగ్గాయి. తర్వాత అడిగాడు:

"పాపా, ఒక మాట నిజం చెప్పు. అయ్యో పాపం అని ఇచ్చినారా, చదివిందని ఇచ్చినారా?"

"చదివిందనే చిన్నాయనా."

"అయితే పంపిస్తా" అన్నాడు.