లండన్ నివాసి, విరుదునగర్ గోడ మీద

ముందే ఒప్పుకుంటాను: మా చెల్లెలి కేసు పాడుచేసింది ఎదుటి లాయరు కాదు, నేనే. తమిళనాడులో మా తెలుగువాళ్లుండే కోవిల్‌పట్టిలో ప్రెస్సు నడిపేవాణ్ణి. ఊరందరి అచ్చుతప్పులూ దిద్దాను. అచ్చంగా నాదైన తప్పును మాత్రం నాలుగు రంగుల్లో వేసి గోడలకు అంటించాను.

మదురైకి హైకోర్టు బెంచి వచ్చిన కొత్త. చెల్లెలు నాలుగేళ్ల కూతురితో లండన్ నుంచి నెల సెలవుకు వచ్చింది. మొగుడితో పొసగడం లేదట. "ఇంగ నేను పోనన్నా" అంది. సరేనమ్మా అన్నాను. ఆ వారమే పాపకు చెవులు కుట్టించాం. మాలో అది మేనమామ ఒడిలో జరగాలి. పోస్టరు వేయని మేనమామను మా వైపు ఎవరూ లెక్కపెట్టరు. విరుదునగర్ దాకా అంటించాను, తమిళంలో: "లండన్ నివాసి, మా ఇంటి యువరాణికి చెవులు కుట్టే వేడుక. తిరిగి లండన్ వెళ్లేలోగా వచ్చి దీవించండి."

చెల్లెలి మొగుడు, విజయవాడవాడైన మా బావ, లండన్ కోర్టులో పాపను వెనక్కి పంపాలన్న ఉత్తర్వు తెచ్చుకుని, మదురైలో కేసు వేశాడు. "పిల్లల్ని తిప్పి పంపే అంతర్జాతీయ ఒప్పందం మీద మనదేశం సంతకమే పెట్టలేదు" అని మా లాయరు ధీమా. పాప ఇక్కడే స్థిరపడిందని వాదించాడు. ఎదుటి లాయరు విరుదునగర్ బజారు గోడ నుంచి ఊడదీసిన పోస్టరు విప్పాడు, వెనక మైదాపిండితో సహా.

"ఇది వేసింది మీరేనా?" అన్నారు జడ్జిగారు.

"అవునయ్యా." రంగులు బాగా కుదిరాయా అని అడగబోయి ఆగాను.

వరండాలో మా అమ్మ పట్టుకుంది. "ఒరే మడయా, బుద్ధిలేనోడా, చెవులు కుట్టమంటే గొంతు కోస్తివి గదరా!"

జడ్జిగారు పాపతో విడిగా మాట్లాడి తీర్పు చెప్పారు. లండన్ ఉత్తర్వు ఉంది గనక కాదు, పాప మేలు చూసి. దాని బడీ, స్నేహితులూ, తండ్రీ అక్కడే, తిరిగి వెళ్లాలి. కానీ తల్లితోనే. తండ్రి వాళ్లకు వేరే ఇల్లు చూడాలి, పాపను ఎత్తుకుపోయిందని చెల్లెలి మీద అక్కడ పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి, ప్రతి ఆదివారం గంటసేపు మాతో పాపను ఫోన్లో మాట్లాడించాలి.

"పాప ఒంటిగా పోదు గదన్నా. అది సాలు" అని చెల్లెలు కళ్లు తుడుచుకుంది. తీర్పు సరైనదేనని ఇవాళ కూడా గట్టిగా చెబుతాను. సరైనదే అయినా, ఓడినవాడి కడుపుమంట వేరు.

ఏడాది తర్వాత బావ ఫోను. "బావగారూ, పాపకేం నేర్పుతున్నారండీ? అన్నం పెట్టబోతే 'సాలు నాయినా, గమ్మునుండు' అంటోంది. మా అమ్మ విని బెంగ పెట్టుకుంది!"

"తీర్పులో గంట అని రాశారు గాని బావా, ఏ యాసలోనో రాయలేదు."

ఆ ఆదివారం పాపకు మా ఊరి తిట్లు నేర్పడం మొదలుపెట్టాను.