ఒకే కంచం

మా రిజర్వ్ ప్లటూన్ ఆ ఊరు చేరేసరికి పట్టపగలే దారి కనపడలేదు. మైనస్ ముప్పై. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. హైవేలో ఇరుక్కున్నవాళ్లను తెచ్చి కమ్యూనిటీ హాల్లో ఉంచమని ఆర్డరు. నేను స్టూడెంట్‌గా ఈ దేశంలోని సస్కటూన్ వచ్చి, పీఆర్, అంటే శాశ్వత నివాసం, రాగానే ఇక్కడి సైన్యంలో చేరినవాణ్ని. తుపాకీ ఇస్తారనుకున్నాను. పార ఇచ్చారు.

హాల్లో ఇద్దరు తెలుగు పిల్లలు. ఆద్యకు ఏడేళ్లు, తమ్ముడు చిన్నుకు రెండు. పడమరకు పోతే పీఆర్ త్వరగా వస్తుందని వాళ్ల కుటుంబం తూర్పునున్న విండ్సర్ నుంచి బయల్దేరింది. తోడుగా ఇంకో కారులో స్టూడెంట్లు. మంచులో పిల్లల కారును ట్రక్కు గుద్దింది. అమ్మానాన్న పోయారు. వెనక సీట్లో పిల్లలు మిగిలారు. హైదరాబాద్‌లో పిన్ని ఉంది, ఆమెకు ఇంకా వీసా రావాలి.

చిన్ను ఏమీ తినడం లేదు. మా రేషన్ ప్యాకెట్లన్నీ ఉమ్మేశాడు. రోడ్డు తెరవగానే వాణ్ని హాస్పిటల్‌కు, ఆద్యను వేరే ఊళ్లో ఇలాంటి పిల్లల్ని చూసుకునే ఒక ఇంటికి పంపాలని సోషల్ వర్కర్ నిర్ణయించింది. ఆద్య వాడి జాకెట్ పట్టుకుని వదల్లేదు.

మనవాళ్ల డిక్కీలో బట్టలు లేకపోయినా రైస్ కుక్కర్ ఉంటుంది. వాళ్లకు తోడొచ్చిన స్టూడెంట్లలో శ్రావణి అనే అమ్మాయి అన్నం వండి పెరుగు కలిపింది. రెండు ప్లేట్లలో పెట్టి రెండు స్పూన్లు వేశాం. చిన్ను మొహం తిప్పేశాడు.

"అమ్మ ఎట్ల పెట్టేదిరా?" అని ఆద్యను అడిగాను.

"వన్ ప్లేట్, అంకుల్. హ్యాండ్‌తో. ఫస్ట్ నాకు, దెన్ వాడికి."

గ్లవ్స్ తీసి చేతులు కడుక్కున్నాను. రెండు ప్లేట్ల అన్నం ఒకదాంట్లోకి వంచాను. ఆద్యకో ముద్ద, వాడికో ముద్ద. చిన్ను తిన్నాడు. శ్రావణి గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

సోషల్ వర్కర్ అంతా చూసింది. "అక్క లేకపోతే తినడా?" అని అడిగింది.

"తినడు మేడమ్," అన్నాను.

ఆమె బయటికెళ్లి ఫోన్లు చేసింది. కాసేపటికి మా సార్జెంట్ రేడియో అందుకున్నాడు. "పిల్లలు ఇద్దరు. బండి ఒకటే. ఇల్లూ ఒకటే. ఓవర్."

మేం సస్కటూన్ తిరిగొచ్చాం. కొన్నాళ్లకు పిన్ని వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లిందని శ్రావణి చెప్పింది. నేను యూనిఫాం వదిలేసి ఐటీలో పడ్డాను. అయినా అన్నం కలిపిన ప్రతిసారీ ఆ మొదటి ముద్ద గుర్తొస్తుంది. ఆద్యకు ఆకలి లేదు. కళ్ల నిండా నీళ్లు. అయినా తమ్ముడి వైపు తిరిగి, వాడికి కనపడేలా నోరు పెద్దగా తెరిచింది.