ముడేసే చెయ్యి

సిరిసిల్ల బాలకిషన్ ఏడ కూసున్నా ఆయన వేళ్లు ఊకుండయి. లుంగీ అంచుల దారం గుంజి, తెంపి, మళ్ల ముడేస్తనే ఉంటడు. ఇరవై రెండేండ్లు సాంచాల మీద, గా కరెంటు మగ్గాల మీద గుడ్డ నేసిన చెయ్యి. తెగిన పోగుకు ఆ చెయ్యేసిన ముడి ఎవలు తడిమినా దొరుకది. "రేపటి సంది రాకు" అని కార్ఖాన సేటు పనిల కెళ్లి తీసేసిన నాడు సుత, నడిచే సాంచను ఆగం జేసి పోవద్దని, కొత్తగ పెట్టుకున్న దినేశ్ పక్కన రెండు దినాలు నిలవడి, పనంత నేర్పినంకనే కార్ఖాన ఇడిసిండు. అన్యాయంగ తీసేసిండని లేబర్ కోర్టుల కేసేస్తే, సేటు వకీలు గదే పట్టుకున్నడు. "నువ్వే ఉండి నేర్పినవా?" "అవు సార్, నేనే," అన్నడు బాలకిషన్, మెచ్చుకుంటరనుకొని. తనిష్టంతోనే పని అప్పజెప్పి పోయిండని, కేసుల పస లేదని కొట్టేసిండ్రు. "లేదంటే నీ నోరు పోతుండెనా?" అని భార్య ఊర్మిల ఏడ్చింది. "నేర్పిన గదనే," అన్నడాయన.

ఇప్పటికీ పొద్దుగాల్నే టిఫిన్ డబ్బ పట్టుకొని పోయి కార్ఖాన ముంగటి చాయ్ హోటల్ల కూసుంటడు. మొన్న తలుపు పక్క సాంచ చప్పుడు మారింది. పోగు తెగిందని ఉరికిండు. అప్పటికే దినేశ్ ముడేసిండు. "జూడు కాకా, నువ్వు నేర్పినట్లే ఏసిన," అన్నడు మురుసుకుంట. బాలకిషన్ ఎంత తడిమినా ముడి దొరకలే.