గన్నవరం అవతల కాయకోతకి

బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసున్న భవనంలో మొన్న ఒకాయన మామిడికాయల అట్టపెట్టె పట్టుకుని లిఫ్టు ఎక్కాడు. తలుపులు మూసుకోగానే వాసన గుప్పుమంది. పండు వాసన కాదు, కొమ్మ నుంచి తెంపగానే తొడిమ దగ్గర చిమ్మే సొన వాసన, పచ్చకర్పూరాన్ని ఆకులతో కలిపి నలిపినట్టు ముక్కుపుటాలకి కాస్త చురుక్కుమని తగిలేది. నేను దిగాల్సిన అంతస్తు దాటిపోయింది. "ఏ తోట కాయలండీ?" అని అడిగాను. "ఫోన్లో తెప్పించానండీ, తోట ఏదో మనకేం తెలుస్తుంది" అని ఆయన నవ్వి దిగిపోయాడు. నేను మాత్రం పైదాకా వెళ్ళి, ఆ వాసనలోనే మళ్ళీ కిందకి వచ్చాను.

మాది పామర్రుకి దగ్గర్లో వరిచేల మధ్య ఉన్న చిన్న పల్లె. వీధి చివర చర్చి, చర్చి వెనక పంటకాలవ, కాలవ దాటితే కనుచూపు మేర పొలం. వరికోతలయ్యాక మినుము, మినుము పీకుళ్ళయ్యాక ఇంక ఏమీ ఉండేది కాదు. ఎండాకాలం కాలవలు కట్టేసేవారు. అడుగున మిగిలిన బురదలో మేం కొర్రమీనులు తడిమి పట్టుకుంటుంటే, పైన నల్లరేగడిలో నెర్రెలు విచ్చి, మా కాళ్ళు దూరేంత వెడల్పయ్యేవి. పిల్లలకి అది ఆటల కాలమే గాని పెద్దవాళ్ళకి మళ్ళీ నాట్లు పడేదాకా పని దొరకని కాలం. మా నాన్న ఒక రైతు దగ్గర ట్రాక్టరు తోలేవాడు, ఆ ట్రాక్టరు కూడా చింతచెట్టు కింద నిద్రపోతుండేది.

నేను నాలుగో తరగతి పూర్తి చేసిన వేసవిలో, కూలీల్ని కుదిర్చే మేస్త్రి ఒకడు మా పల్లెకి వచ్చి, మామిడి తోటల్లో పనుంది, గన్నవరంలో దిగండి, నేనే వచ్చి తీసుకెళ్తానని చెప్పిపోయాడు. మా అమ్మా, నాన్న చెల్లెలు కరుణత్తా బయల్దేరారు. అమ్మ నెమ్మదస్తురాలు, నాలుగుసార్లు ఆలోచించి ఒక మాట అనే మనిషి. అత్త పొడగరి, నవ్విందంటే చర్చిలో ముందు వరసలో వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేవారు. "దీన్ని మీతోనే తీసుకుపోండి, చెట్టెక్కితే దింపే ఓపిక నాకు లేదు" అని మా నాయనమ్మ నన్ను కూడా వాళ్ళతో తోసేసింది. బియ్యం మూట, ఎండుచేపల పొట్లం, సత్తుగిన్నె, చాప, తువ్వాల్లో చుట్టిన బైబిలు, వీటన్నిటితో గుడివాడలో బస్సు మారి గన్నవరంలో దిగాం.

మేస్త్రి రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా సోడాబండి నీడలో నిలబడ్డాం. చివరికి ఆ సోడా అతనే చెప్పాడు, మేస్త్రి పొద్దున్నే మగవాళ్ళని లారీ నిండా ఎక్కించుకుని పోయాడని. అమ్మ మొహం చిన్నబోయింది. "తిరిగి పోదాం కరుణా. ఏ తోటలో ఎవరున్నారో, ఎక్కడని అడుక్కుంటాం" అంది.

"అడుక్కోటమేంటి వదినా, పని అడగటమేగా. ఇంటికి పోయినా ఎండే, ఇక్కడా ఎండే. నడువు" అని అత్త మూట నెత్తికెత్తుకుంది.

అలా నడిచాం. ఊరు దాటగానే నేల రంగు మారిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ నల్లమట్టి తప్ప చూడని నాకు, ఆ ఎర్రటి దారి ఎవరో కుంకుమ ఒలకబోసుకుంటూ పోయినట్టు కనిపించింది. పెద్దవాళ్ళు పని వెతుక్కుంటుంటే నేను ఆ మట్టి గౌనులోకి ఎత్తుకుంటూ నడిచాను. ఒక తోట దగ్గర మనుషులున్నారన్నారు, ఇంకో తోట దగ్గర కుక్కలే మాట్లాడాయి, మరో చోట ఆడకూలీలు వద్దని గేటు వేసుకున్నారు. ప్రతి గేటు దగ్గరా అమ్మ అడుగు కొంచెం వెనక్కి పడేది, అత్త గొంతు కొంచెం పెరిగేది.

పొద్దు వాలుతుండగా ఒక తోటలో చెట్టుకింద నులకమంచం మీద కూర్చున్న పెద్దావిడ కనిపించింది. ఆవిడ పేరు సుబ్బాయమ్మ గారని తర్వాత తెలిసింది. భర్త పోయాక తోటని తనే చూసుకుంటోంది. కోసేవాళ్ళు అంతకుముందు రోజే ఎక్కువ కూలి ఇచ్చే చోటికి వెళ్ళిపోయారట. పడమట మబ్బు కమ్ముకొస్తుంటే, కాయ బరువుకి వంగిన కొమ్మల వంక చూస్తూ కూర్చుంది.

"ఏరేవాళ్ళు కాదమ్మా, నాకు కోసేవాళ్ళు కావాలి. మీరు చిక్కం పట్టగలరా?" అంది. చిక్కమంటే పొడుగాటి వెదురు గెడ చివర కట్టిన వల సంచీ, దాని అంచున చిన్న కత్తి. తొడిమ తెగి కాయ నేలకి తగలకుండా వలలో పడాలి.

"పట్టి చూస్తేగదండీ అమ్మగారూ తెలిసేది" అంది అత్త. అంతకుముందు దాన్ని ముట్టుకుని కూడా ఎరగదు.

మొదటి కాయ వల తప్పి పగిలింది. రెండోది కొమ్మతో సహా వచ్చింది. మూడోసారి అత్త గెడని గట్టిగా లాగేసరికి కాయకి బదులు ఎర్రచీమల గూడొకటి ఊడి సరిగ్గా తన నెత్తినే పడింది. అత్త గెడ విసిరేసి, ఒక కాలు మీద గెంతుతూ, జుట్టు దులుపుకుంటూ, "వదినా! జాకెట్లోకి పోయినయ్యే!" అని తోటంతా తిరిగింది. అమ్మ ఆమె వెంట పడి కొంగుతో బాదింది. సుబ్బాయమ్మ గారు ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత మంచం పట్టె పట్టుకుంది, చివరికి కళ్ళు తుడుచుకుంటూ, "ఆయన పోయాక ఇదేనే అమ్మాయ్ నేను నవ్వటం. ఉండండి, వానొచ్చేలోపు ఎంత కోస్తే అంతే" అంది.

అసలు చిక్కేమిటంటే, కిందనుంచి చూస్తే ఆకుల గుబురులో కాయ ఎక్కడుందో కనపడదు. నేను ఎవర్నీ అడక్కుండానే చెట్టెక్కేశాను. రెండు పెద్దకొమ్మలు చీలిన చోట కూర్చుని, "అత్తా, ఎడంపక్కకి! ఇంకా పైకి! అదిగో, తగిలింది, లాగు!" అని కేకలు పెట్టాను. చిక్కంలో కాయ పడ్డప్పుడు గెడ చిన్నగా వంగుతుంది. ఆ వంపు చూడగానే ముగ్గురం ఒకేసారి "ఆఁ" అనేవాళ్ళం. గాలి మొదలయ్యేసరికి కొమ్మ నన్ను ఉయ్యాల ఊపుతోంది. అమ్మ కింద నిలబడి దిగమంటోంది, అత్త ఇంకొక్కటంటోంది. సుబ్బాయమ్మ గారు కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని, కోసిన కాయల్ని గంపలకెత్తి పాకలోకి చేరవేసింది. దారివైపు వరసలో విరగకాసిన రసాల చెట్లు దాదాపు ఖాళీ అయ్యాక, మొదటి చినుకులు నాణేల్లా దబదబా పడ్డాయి.

ఆ గాలివానకి చుట్టుపక్కల తోటల్లో కాయంతా నేల రాలింది. మా కాయ పాకలో వరిగడ్డి మీద వెచ్చగా పడుకుంది. మర్నాడు పొద్దున్నే సుబ్బాయమ్మ గారు చద్దన్నం, పెరుగు, పచ్చిమామిడి ముక్కలు, ఉల్లిపాయ పెట్టి, "కోతలయ్యేదాకా మీరే ఉండండి" అంది. అమ్మ కాస్త అవతలికి వెళ్ళి కళ్ళు మూసుకుని నిలబడింది, అది అమ్మ ప్రార్థన అని నాకు తెలుసు.

ఆ తర్వాత వరసగా ఎన్నో వేసవులు ఆ తోటే మా ఇల్లయింది. బెత్తెడు తొడిమ ఉంచి కొయ్యాలనీ, లేకపోతే సొన కారి కాయ మచ్చ పడుతుందనీ నేర్చుకున్నాం. కాయకి తప్పిన మచ్చలు మా చెంపల మీద పడేవి. బడి తెరిచాక పిల్లలు నన్ను చూసి మామిడిపండొచ్చిందే అని అరిచేవాళ్ళు, నాకు అది బిరుదులా ఉండేది. కొబ్బరిలా తియ్యగా ఉండే పచ్చికాయ ఉప్పూ కారంతో, బంగినపల్లి ముక్కలు కోసుకుని తినేవాళ్ళం, చిన్నరసం మాత్రం చేత్తో మెత్తగా నలిపి మూతి కొరికి జుర్రుకుని, మోచేతుల దాకా కారిన రసం నాకేవాళ్ళం. టెంక పగలగొట్టి జారుడు జీడిని రెండు వేళ్ళ మధ్య నొక్కి వదిలితే అది ఎటు దూకితే అటు మా అత్తారిల్లని నమ్మేవాళ్ళం. కరుణత్త జీడి ఎప్పుడూ సుబ్బాయమ్మ గారి మంచం వైపే దూకేది. "అయితే మా ఇంటికే వస్తావా ఏం" అని ఆవిడ, "తిండికైతే ఇప్పుడే వస్తానండీ" అని అత్త.

మొదటి ఏడు ఆవిడ మాకు మంచినీళ్ళు ఎత్తుగా దోసిట్లోకి పోసేది. మాకూ అలవాటే, ఎవరూ ఏమీ అనుకోలేదు. రెండో ఏడో మూడో ఏడో, తోటలోనే ఆవకాయ పెడుతూ, పెద్ద బేసిన్లో ముక్కలూ ఆవపిండీ కారం పోసి, నూనె ఒంపి, నడుం పట్టేసిందని కూర్చుండిపోయింది. "కరుణా, నువ్వు కలుపు. నీ చెయ్యి మంచిది" అంది. అత్త ఒక్క క్షణం ఆగింది. అమ్మ వంక చూసింది. తర్వాత మోచేతులదాకా కడుక్కుని వచ్చి, అడుగునుంచి పైకి కలిపింది. సుబ్బాయమ్మ గారు ఆ చేతినుంచే ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుని, "ఉప్పు సరిపోయిందే" అంది. ఆ ఏడంతా వాళ్ళింట్లో ఆ ఆవకాయే తిన్నారు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ బయటికి చూస్తూ, తనలో తనే, "మన కరుణ కలిపింది" అని రెండుసార్లు అనుకుంది.

తర్వాత అత్త పల్లెలో ఆడవాళ్ళని పోగుచేసి సొంతంగా జట్టు కట్టింది. చిక్కం పట్టే ఆడవాళ్ళ జట్టని తోటలవాళ్ళు ముందుగానే కబురు పెట్టేవారు. నేను చదువుకుని విజయవాడ వచ్చేశాను. సుబ్బాయమ్మ గారూ లేరు, ఆ తోటా లేదు, ఇళ్ళ స్థలాలైంది. ఇప్పుడు పని కోసం ఎవరూ గేటు గేటుకీ తిరగరు. ఫోన్లో కబురొస్తుంది, తెల్లారకముందే ఆటో వస్తుంది, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. పిల్లల్ని వెంట తీసుకెళ్ళరు, అది మంచిదే. తోటలో కాపురమున్నామంటే మా అమ్మాయి కథ చెబుతున్నాననుకుంటుంది.

పోయిన నెల అత్తని కారులో ఒక కొత్త తోట చూపించడానికి తీసుకెళ్ళాను. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని నడుస్తోంది. అక్కడ చెట్లన్నీ దగ్గర దగ్గరగా, వరసలు కట్టి, కత్తిరించి, మనిషి ఎత్తుకి మించకుండా పెంచారు. గెడలు లేవు, చిక్కాలు లేవు, చేతి కత్తెరతో నిలబడే కోస్తున్నారు. అత్త ఒక చెట్టు ముందు ఆగి, తన భుజం దగ్గర వేలాడుతున్న కాయని అరచేత్తో కింద నుంచి తూచినట్టు పట్టుకుంది.

"చూశావటే, చెట్టే కిందకి దిగొచ్చింది" అంది. తర్వాత తోటంతా వినపడేలా నవ్వి, "నా మోకాళ్ళు పోయాకా దిగటం!"

అక్కడ కోస్తున్న ఒకమ్మాయి చేతిలోని కత్తెర అడిగి తీసుకుని, బెత్తెడు తొడిమ ఉంచి కోసింది. ఇంకో చెట్టు దగ్గరికి కదిలింది. ఎక్కడ కాయుందో చెబుదామని నేను అలవాటుగా తలెత్తాను. పైన ఆకులేమీ లేవు, ఆకాశమే ఉంది.