చీటీల నుంచి చప్పట్లకు

అనకాపల్లిలో రైలు పట్టాలకు ఇవతల మా కాలనీ. నలభై ఇళ్లు, ఒక సంఘం. మొదట్లో సంఘానికి ఏటా ఎన్నికలు జరిగేవి. ఇంటికో చీటీ ఇచ్చేవారు. పేరు రాసి, మడిచి, స్టీలు క్యానులో వేసేవాళ్లం. ఒకసారి నేను అధ్యక్ష పదవికి నిలబడి రెండు ఓట్ల తేడాతో ఓడిపోయాను. మళ్లీ లెక్కపెట్టమన్నాను. విసుక్కోకుండా లెక్కపెట్టారు. మళ్లీ ఓడాను. ఆ ఓటమి మీద నాకు ఇప్పటికీ ఫిర్యాదు లేదు. ఆ తరువాత జరిగిన ప్రతిదాని మీదా ఉంది.

ఇప్పటి అధ్యక్షుడు కాంట్రాక్టరు. వచ్చిన ఏడాదే వీధి దీపాలు వేయించాడు, మురుగు కాలువ బాగు చేయించాడు. కాదనను. మరుసటి కార్తీకంలో శారదా నది పక్కన మామిడితోటలో వనభోజనాలు పెట్టి, సర్వసభ్య సమావేశం కూడా అక్కడే కానిచ్చేద్దామన్నాడు. ఆకులు వేశారు, పులిహోర వడ్డించారు. చీటీలు పంచబోతుంటే వెనక నుంచి ఎవరో, "ఇంకా సీటీలేటండీ, బోజనాలు సల్లారిపోతన్నాయి. ఆయన్నే ఉండమని సప్పట్లు కొట్టీండి," అన్నారు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను. ఆకలేసి కొట్టాను. దానికి ఎవర్నీ తిట్టుకోలేకపోవడమే నన్ను ఎక్కువ మండిస్తుంది.

తరువాతి ఏడు, పదవీకాలం ఇక మూడేళ్లని వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. ఎవరు నిర్ణయించారని అడిగాను. సాయంత్రానికల్లా ఆ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయలేకుండా చేశారు. మినిట్స్ పుస్తకం చూపించమని అధ్యక్షుడి ఇంటికి వెళితే గుమ్మంలోనే నిలబెట్టి, నేనేమైనా ఆడిటరునా అని అడిగి నవ్వాడు. వరండాలో కూర్చున్నవాళ్లలో ఆ నవ్వును అందుకుని ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆ ఆగస్టు పదిహేనున జెండా దగ్గర నాకు కుర్చీ వెయ్యలేదు. అదీ గుర్తుంది.

ఆ పైన, అద్దెకుండేవాళ్లకు సభ్యత్వం లేదన్నారు. ఇరవై ఏళ్లుగా మా కాలనీలో అద్దెకుంటున్న ముస్లిం టైలరు ఒకాయన ఉన్నాడు. నేను ఆయన్ని భాయ్ అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. నా ఓట్లు రెండోసారి లెక్కపెట్టింది ఆయనే. ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను. గిరాకీ అంతా బజారు వైపున్న వెనక గేటులోంచే వస్తుంది. భద్రత కోసం ఆ గేటుకు తాళం వేస్తామని ఈ ఏడు మెసేజి పెట్టారు. జాకెట్టు గుడ్డ పట్టుకుని కాలనీ చుట్టూ తిరిగి ఎవరొస్తారు? బజారులో ఇంకో టైలరు దగ్గరికి పోతారు.

నేను ఇంటింటికీ తిరిగాను. ఇరవై ఆరు ఇళ్లవాళ్లు గేటు తెరిచే ఉండాలన్నారు. చీటీలు పెడితే మనమే గెలుస్తామని భాయ్‌తో చెప్పాను.

"సీటీలు పెడతారా బావా?" అని మాత్రం అడిగాడు.

మొన్నటి కార్తీకంలో మళ్లీ అదే తోట. చీటీలు కత్తిరించి సంచిలో తీసుకెళ్లాను. గేటు సంగతి రాగానే లేచి, చప్పట్లు కుదరవు, రహస్య ఓటు పెట్టాలన్నాను. అధ్యక్షుడు కోప్పడలేదు.

"తప్పకుండా పెడదాం. రహస్య ఓటు కావాలన్నవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు.

నేను ఎత్తాను. ఇరవై ఆరు ఇళ్లవాళ్లలో ఒకాయన పులిహోరలో మిరపకాయ వెతుక్కున్నాడు. ఒకాయనకు ఫోను గుర్తొచ్చింది. ఒకావిడ చెయ్యి చెవి దాకా లేచి, జుట్టు సర్దుకుని దిగిపోయింది. సభ్యుడు కాడు కనుక భాయ్ తోట బయట తన స్కూటరు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు.

గేటుకు తాళం వెయ్యడానికి ఏకగ్రీవమని రాసుకొమ్మని అధ్యక్షుడు కార్యదర్శికి చెప్పాడు. ఒకరు వ్యతిరేకమని రాయండన్నాను.

"నీ ఒక్కడి కోసం ఏకగ్రీవం సెడగొడతావేటి మావా?" అన్నాడు మా పక్కింటివాడు. మళ్లీ అందరూ నవ్వారు. గేటు తెరిచి ఉండాలని నాకు మాట ఇచ్చినవాళ్లలో వాడూ ఉన్నాడు.

దేశాలు ఎలా చేజారిపోతాయో టీవీలో ఎవరెవరో వివరిస్తుంటారు. నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. వీధి దీపం వేయించినవాణ్ణి ప్రశ్నించడం మర్యాద కాదని జనం అనుకుంటే చాలు, మిగతాదంతా వాడు తీరిగ్గా చేసుకుంటాడు.

సోమవారం తాళం పడింది. నెల తిరక్కుండా భాయ్ ఇల్లు ఖాళీ చేసి, మిషను ఆటోలో ఎక్కించుకుని ఎలమంచిలి వెళ్లిపోయాడు. నేను ప్రతి ఆదివారం అధ్యక్షుడి గుమ్మానికి వెళుతున్నాను. ఒకరు వ్యతిరేకమని ఆ పుస్తకంలో రాసేదాకా వెళతాను.

భాయ్ వెళ్లిన సాయంత్రం పక్కింటివాడు మా ఇంటికొచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "నువ్వన్నదే రైటు మావా. అందరికీ తెలుసు," అన్నాడు.

వీధిలోకి వెళ్లి అదే మాట అనమన్నాను.

"ఇప్పుడెందుకులే మావా," అని చెప్పులు వేసుకున్నాడు. బయటికి అడుగు పెట్టేముందు, అధ్యక్షుడి ఇంటి వైపు ఒకసారి తొంగి చూశాడు.