సీసాలో ముగ్గు రంగు

ఆ సీసాలో రంగు కలిపింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే నేను, ఆ రోజు పేజీలో ఎండ ఎక్కువగా ఉందని మాత్రం రాసి మూసేశాను. అప్పటినుంచి ఎవరైనా నన్ను మంచి పిల్ల అంటే గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టు ఉంటుంది.

మాది సత్యవేడు దగ్గర పల్లె. ఊరికి ఎగువన ఫ్యాక్టరీ వచ్చాక మా బోరు నీళ్ళు చేదెక్కాయి. వాళ్ళు కాలువలోకి మురుగు వదిలినప్పుడల్లా ఎర్రగా కూడా వచ్చేవి. ఫ్యాక్టరీని ఇంకా పెద్దది చేస్తామని వాళ్ళు అడిగితే, ఊళ్ళ అభిప్రాయం అడగడానికి అధికారులు సభ పెట్టారు. ఆడవాళ్ళందరినీ కూడగట్టింది మా పక్కింటి జయమ్మత్త. సభకు పోయే దారి పొడుగునా ముగ్గులు వేశాం. తేలిన చేపలు, ఎర్ర నీళ్ళు కారే కుళాయి. నలుగురిలో నోరు పెగలని నాకు చేతనైంది అదొక్కటే.

బోరు నీళ్ళ సీసా ఉన్న సంచి నా పక్కన పెట్టి, చూస్తుండమని అత్త సభ లోపలికి పోయింది. తీసి చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. సభ ఉందని వాళ్ళు మురుగు వదలడం ఆపేశారు మరి. ఈ నీళ్ళు చూపిస్తే ఎవరు నమ్ముతారు? నా వేళ్ళకు ఎర్ర రంగు అంటుకునే ఉంది. సీసాలో చిటికెడు వేశాను. మేం కళ్ళారా చూసిన రంగే కదా, ఇది అబద్ధం ఎలా అవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి సాయం చేద్దామనుకున్నానా, లేక మాట్లాడలేని నేను కూడా ఏదో చేశాననిపించుకోవాలనా? ఇప్పటికీ తేలలేదు.

అత్త సీసా తీసి, ఆ రంగు చూసి ఒక్క క్షణం ఆగింది. అధికారి దాన్ని బల్ల మీద పెట్టించుకున్నాడు. చూస్తుండగానే ఎర్రటి పొడి అడుగుకు దిగింది.

"ఏమ్మా, ముగ్గులో మిగిలిందా?" అన్నాడు. సభంతా నవ్వింది.

"రంగు సంగతి నాకు తెలీదు సార్. రుచి సూడండి, చేదుగా ఉండాది," అంది అత్త.

"రంగు నీళ్ళు తాగమంటావా?"

అత్త అసలు చూపించాలనుకున్నది ఆ చేదునే. నేను దాన్ని ఎవరూ నోట్లో పెట్టుకోకుండా చేశాను. ఆ తర్వాత మా ఊరివాళ్ళు ఏం చెప్పినా ఎవరూ రాసుకోలేదు. ఫ్యాక్టరీ పెరిగింది. ఊళ్ళోవాళ్ళే ఆమెను రంగుల జయమ్మ అన్నారు. "ఏం మే, ఈ రోజు కాఫీలో ఏం రంగు?" అని బజారులో అడిగేవాళ్ళు. నేను వింటూ తల దించుకుని పోయేదాన్ని.

చివరికి ఆమె తడ ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. తడ బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలిగాను. చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదని నాకు తెలుసు.

ఊరు వదిలి వెళ్ళే రోజు బస్సు దగ్గర అత్త నా చెయ్యి పట్టుకుంది.

"సీసా నీకాడే ఉండె గదా పాపా. ఎవుడన్నా వచ్చినాడా ఆడికి?"

లేదన్నట్టు తల ఊపాను. అంతవరకే నిజం చెప్పాను. ఆమె బస్సెక్కి కిటికీలోంచి వంగింది.

"పోనీలే. ఊరు ఏమన్నా అనుకోనీ, నేను కలపలేదని నువ్వు నమ్ముతావు గదా."