డొరతీ ఆంటీ గాజు గిన్నె

మా ముత్తాతగారు గోదావరి లంకల్లో పేరున్న భూస్వామి. తాతగారు జిల్లా మున్సిఫ్. ఆదివారం ఆయన గుర్రబ్బండి వాకిట ఆగేదాకా మా ఊరి చర్చిలో రెండో గంట కొట్టేవారు కాదు. నానమ్మ చేతుల్లోంచి ఏ ఇంటి గిన్నే ఖాళీగా తిరిగి వెళ్లలేదని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా వంటింటి పై అరలో మాది కాని గాజు గిన్నె ఒకటి ఉంది. దాని అడుగున అంటించిన టేపు మీద నీలి సిరాతో ‘డొరతీ’ అని రాసి ఉంటుంది. మొన్న దించి మూత తీస్తే, ఇన్నేళ్ల తరువాత ఉండే వీలే లేని వేగిన వెన్న వాసన వచ్చినట్టనిపించింది.

డెబ్బైల చివర మేం మిషిగన్‌లోని ట్రాయ్‌లో దిగినప్పుడు నాన్నగారు కార్ల కంపెనీలో ఇంజనీరు. అమ్మకు డ్రైవింగ్ రాదు, మాట్లాడే మనిషి లేదు. పక్కింటి డొరతీ ఆంటీ ఆమెను కారెక్కించుకుని గృహిణుల క్లబ్బుకి తీసుకెళ్లింది. రాష్ట్రమంతటా శాఖలున్న సంఘం అది. పొలాల మధ్య ఒంటరి ఇళ్లలో ఉండే ఆడవాళ్ల కోసం తన తల్లి కాలంలో మొదలైందని ఆంటీ చెప్పేది. యూనివర్సిటీ వాళ్లు పాఠం తయారుచేస్తే, ఒక సభ్యురాలు వెళ్లి నేర్చుకొచ్చి మిగతావాళ్లకు నేర్పాలి. ఆకులు రాలే కాలంలో చర్చి నేలమాళిగలో కాఫీ మరుగుతూ ఉండేది, ఆపిల్ ముక్కలు దాల్చినచెక్కతో ఉడుకుతూ ఉండేవి, బల్లల మీద ఆసుపత్రి పసిపిల్లల కోసం కుడుతున్న బొంతలు పరిచి ఉండేవి. మేం పిల్లలం ఆ బల్లల కింద దూరి గుండీలతో ఆడుకునేవాళ్లం. ఒకసారి అమ్మే పాఠం చెప్పింది, చేత్తో కాజాలు కుట్టడం. మున్సిఫ్ గారి కోడలు సుగుణను వాళ్లంతా ‘సూ’ అని పిలిచేవారు. నానమ్మ వింటే ఏమనేదో గాని, అమ్మ మాత్రం ఆ పిలుపుకి నవ్వుతూ తల తిప్పేది. ఇంట్లో ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

ఎనభైల మొదట్లో కార్లు అమ్ముడుపోక నాన్నగారిని లేఆఫ్ చేశారు. ఎవరింట్లో కష్టం వస్తే ఆ ఇంటికి వంతులవారీగా వండి పంపడం క్లబ్బు ఆచారం. మంచు పడుతున్న సాయంత్రాల్లో మా గుమ్మంలోకి గిన్నెలు రాసాగాయి: నూడుల్స్, చేప, పైన నలిపి చల్లిన చిప్స్, అంచుల్లో మాడిన చీజు. మేం ఆవురావురుమంటూ తినేవాళ్లం. మర్నాడు అమ్మ ఆ గిన్నె తళతళలాడేలా తోమి, మినప్పప్పు నానబోసేది. గారెలో, జంతికలో, వెన్న కాచిన నెయ్యితో మైసూర్‌పాకో గిన్నె నిండా పెట్టి నా చేతికిచ్చి పంపేది.

“వాళ్లు మనకి హెల్ప్ చేద్దామని తెస్తుంటే, నువ్వు రివర్స్‌లో వాళ్లని మేపుతున్నావేంటి సుగుణా?” అన్నారు నాన్నగారు ఒకరోజు.

“ఖాళీ గిన్నె పంపమంటారా? మీ అమ్మగారు నేర్పింది ఇదేనాండీ?”

“అమ్మ వెనకాల పదెకరాల మినుము ఉండేదే! మనకి ఇండియన్ స్టోర్ ఉంది, అదీ అప్పివ్వదు.”

నాకేమీ అర్థమయ్యేది కాదు. వాళ్ల నూడుల్స్ మాకు ఒక పూటకు వచ్చేవి, మా గారెలకు అమ్మ రెండు రోజులు కష్టపడేది, ఆ గారెలు ఇంట్లో మాకు పెట్టేది కాదు. గారెలందుకున్న ఆడవాళ్లు సంబరపడి, ఇంత వండుకుంటున్నారంటే వీళ్ల కష్టం తీరినట్టే అనుకున్నారు కాబోలు, గిన్నెలు రావడం తగ్గింది. డొరతీ ఆంటీ ఒక్కతే మానలేదు. ఆమె చివరి గిన్నె వచ్చిన వారం మా డబ్బాల్లో పప్పు లేదు, నెయ్యి లేదు.

“అమ్మా, ఆంటీ బౌల్ ఇచ్చేసి రానా?” అని అడిగాను.

“ఉత్తిదా? ఆగు బుజ్జీ, ఏదన్నా పెట్టి ఇద్దాం.”

గిన్నె ఇవ్వకుండా ఆంటీకి ముఖం చూపించలేక అమ్మ ఆ నెల క్లబ్బుకి వెళ్లలేదు. వేసవికి నాన్నగారిని మళ్లీ ఉద్యోగంలోకి పిలిచారు. అప్పుడు పప్పూ ఉంది, నెయ్యీ ఉంది. కాని, “ఇన్నాళ్లు ఉంచుకుని గారెలు పెట్టి ఇస్తే ఏం బాగుంటుంది?” అంది. మరుసటి నెల అరిసెలూ చాలవంది. ఏడాదికి ఏదీ చాలనంతగా ఆ గిన్నె పెరిగిపోయింది. కిరాణాకొట్లో డొరతీ ఆంటీ దూరం నుంచి “సూ!” అని పిలిస్తే, అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్క వరసలోకి తిరిగిపోయింది. ఆంటీ ఒక్కసారీ గిన్నె అడగలేదు. మేం ఖాళీ చేతులతో వెళ్లినా ఆమె తలుపు తీసేదనే నాకనిపిస్తుంది. కాని మా ఇంటి మర్యాద తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఆ చలికాలం ఎవరు ఎవరికి పెట్టారో నాకింకా తేలలేదు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే ఉద్యోగాల్లో చేరి సమావేశాలు సాగక, ఎనభైలు గడవకముందే మా పేట క్లబ్బు మూతపడింది. డొరతీ ఆంటీ ఫ్లోరిడా వెళ్లిపోయింది. బొంతలు కుట్టిన నేలమాళిగలో ఇప్పుడు మడత కుర్చీలు పేర్చి ఉన్నాయి. గాజు గిన్నె నా దగ్గరుంది. ఇండియా నుంచి మా వెంట తెచ్చుకున్న తాతగారి వెండి పన్నీరు బుడ్డి, గంధపు గిన్నె, చేతికర్రకున్న వెండి పొన్ను లేవు. మినప్పప్పు కోసం, నెయ్యి కోసం అమ్మ వాటిని ఆ చలికాలమే డెట్రాయిట్‌లో తూకానికి అమ్మేసింది.